దొడ్డి ముందు నుంచి పోయిన గడ్డి బండి

అరవై తొమ్మిదో సంవత్సరం, ఉగాదికి ముందటి ఒక శనివారం. స్థలం: సిద్దిపేటలో బందెలదొడ్డి, దాని ముందటి రోడ్డు. హాజరైనవారు: నేను, దొడ్డి కావలి ఉండే చాచా (మధ్యాహ్నం దాకా గైర్హాజరు), మా బావ, ఆయన వెంట బంద్ చేయించే పిల్లలు, నారాయణరావుపేట నుంచి బండి తోలుకొచ్చిన మామ, బండి పైన ఆయన తల్లి, ఇంకా ఒంటికొమ్ము ఎద్దు, కొన్ని ఆవులు, వాటి దూడలు, ఎవరిదో తెలియని ఒక గాడిద, లేవలేక పడుకున్న ఒక సూడిబర్రె.

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ పనినైనా నియమంగా రాసి పెడితే అది దానంతట అదే జరుగుతుందని. అందుకే ఏం జరిగినా ముందు హాజరు వేసుకునేవాణ్ణి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు (మొన్న మనవరాలి పుట్టినరోజుకు కూడా వేశాను, ఇంట్లోవాళ్ళు నవ్వారు). కానీ రాసినంత మాత్రాన జరగదని నాకు చెప్పింది మనుషులు కాదు, పశువులు. అది కూడా మర్యాదగా చెప్పలేదు, గేటు విరగ్గొట్టి చెప్పాయి.

బందెలదొడ్డి అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. ఎవరి పశువైనా పక్కవాడి చేన్లో పడి మేస్తే పట్టి తెచ్చి కట్టేసే చోటు అది. యజమాని వచ్చి జుర్మానా కట్టి విడిపించుకుపోయేదాకా దాని తిండి, నీళ్ళు, నీడ దొడ్డివాళ్ళే చూసుకోవాలి. చూసుకోవాలి అన్నది కాగితం మీది మాట. మా ఊళ్ళో ఎవడైనా బక్కచిక్కి కనబడితే "నిన్ను దొడ్డిలకెల్లి ఇడిపిచ్చుకొచ్చిన్రారా" అని ఎగతాళి చేసేవారంటే ఆ దొడ్డి ఎట్లా ఉండేదో ఊహించుకోండి. ఆఫీసులో ఎవరికీ అక్కర్లేని పని కొత్తగా చేరినవాడికి రావడం అప్పుడూ ఇప్పుడూ ఉన్న ఆచారమే. నాకు ఉద్యోగం వచ్చిన కొత్త, ఇరవై రెండేళ్ళ వయసు, చొక్కా జేబులో రెండు రంగుల పెన్నులు. దొడ్డి నాకు వచ్చింది.

నేను దాన్ని శిక్ష అనుకోలేదు, అవకాశం అనుకున్నాను. పాత ఉత్తర్వులన్నీ తిరగేసి, ఉన్నవాటికి నావి కొన్ని కలిపి, దొడ్డి గోడ మీద నీలం రంగుతో రాయించాను. ప్రతి పశువుకూ రెండు పూటలా కడుపునిండా మేత. తొట్టిలో రోజూ మార్చిన నీళ్ళు. ఎండవేళ నీడ. రోగం ఉన్నదాన్నీ, ఈనబోయేదాన్నీ వేరుగా కట్టాలి. కొట్టరాదు. యజమాని స్వయంగా వస్తే తప్ప ఏ పశువూ గేటు దాటరాదు. పెయింటరు నిచ్చెన దిగాక చాచా రెండడుగులు వెనక్కి వేసి గోడను కింది నుంచి పై దాకా చూశాడు.

"మంచిగున్నది సాబ్. గోడకు సదువొచ్చింది. ఇగ బర్రెలకు ఎప్పుడు నేర్పుతరు?"

ఆయన నాకంటే పాతికేళ్ళు పెద్ద. ఆ మాట నాకు నచ్చలేదు, కానీ పని మాత్రం నా పద్ధతిలోనే నడిపించాను. నారాయణరావుపేట నుంచి మామ వరసయ్యే రైతు ఒకాయన రోజూ పొద్దున బండెడు గడ్డి తెచ్చి పడేసేవాడు. తొట్టి కడిగించాను. తడికెల పందిరి వేయించాను. నెల తిరిగేసరికి దొడ్డి పశువుల వీపులు నిగనిగలాడసాగాయి. విడిపించుకుపోవడానికి వచ్చిన ఒక రైతు తన ఎద్దును తనే గుర్తుపట్టలేదు. ఆ రాత్రి నా డైరీలో నా గురించి నేను రాసుకున్న మెచ్చుకోలు ఇప్పుడు చదవలేను, సిగ్గేస్తుంది.

అంతలో ఉద్యమం ఊపందుకుంది. ప్రత్యేక తెలంగాణ కోసం ఊరు ఊరంతా లేచింది. బడులు మూతబడ్డాయి, దుకాణాలు మూతబడ్డాయి, రోడ్డు మీద రాళ్ళు, మొద్దులు అడ్డం పడ్డాయి. నేను వ్యతిరేకినేమీ కాదు. నల్లబ్యాడ్జీ పెట్టుకునే దొడ్డికి వెళ్ళేవాణ్ణి. నాకు రాష్ట్రం కావాలి. దానితోపాటు రోజుకొక బండి గడ్డి కూడా కావాలి. ఈ రెండింటినీ ఒక్క మనిషి ఒకేసారి కోరుకోవడం ఎంత కష్టమో ఆ వారమే తెలిసింది, ఎందుకంటే ఆ వారం బంద్‌లు ఒకదాని వెనక ఒకటి రైలు డబ్బాల్లా వచ్చాయి. గడ్డి బండి ఆగిపోయింది. యజమానులు రాలేదు, రావడానికి బస్సులు లేవు. దొడ్డిలో ఉన్న పశువులు దొడ్డిలోనే ఉన్నాయి.

చాచా ఆ వారమంతా పాత బస్టాండు దగ్గర డేరాలో రిలే నిరాహార దీక్షలో కూర్చున్నాడు. పొద్దున దండ వేయించుకునేవాడు, మధ్యాహ్నం నిమ్మరసం తాగి లేచేవాడు, ఇంటికి పోయి రెండు పూటల తిండి ఒక పూటలో తిని నింపాదిగా దొడ్డికి వచ్చేవాడు. "చాచా, పశువులకు గడ్డి లేదు, నువ్వు డేరాలో కూర్చుంటే ఎట్లా?" అని అడిగాను.

"నేను ఉపాసమున్న. బర్రెలు ఉపాసమున్నయ్. అందరం తెలంగాణ కోసమే సాబ్."

"నువ్వు పగటీలి లేస్తున్నవ్ గద. బర్రెలెప్పుడు లేవాలె?"

"గందుకే చెప్తున్న, ఇడిసిపెడదాం. గాడ చెరువు కట్ట కింద ఇంత పచ్చిగ ఉన్నది. మేసొస్తయ్."

ఆ మాట అన్నది నాకు కాదు, నా గోడకు. యజమాని వస్తే తప్ప ఏ పశువూ గేటు దాటరాదు. రాసింది నేనే. పైగా వదిలితే అవి చెరువు కట్ట కిందికి పోవు, ఎవరి చేన్లోకో పోతాయి. పట్టినవాడు మళ్ళీ నా దగ్గరికే తెస్తాడు. ఇదంతా చాచాకు వివరంగా చెప్పాను. ఆయన వివరంగా విని, వివరంగా ఆవులించాడు.

ఇక నేనే బకెట్టు పట్టుకుని కుడితి కోసం ఇల్లిల్లూ తిరిగాను. బియ్యం కడిగిన నీళ్ళు, ఇంత తవుడు, మిగిలిన అంబలి ఎవరింట్లో ఉన్నా పోయమని అడిగేవాణ్ణి. గల్లీలో ఆడవాళ్ళు తలుపు సందులోంచి చూసి "ఏంది సారూ, నౌకరి పోయిందా?" అని జాలిగా అడిగి, నా బకెట్లో కుడితితోపాటు ఒకసారి రెండు రొట్టెలు కూడా వేశారు. రొట్టెలు నేను తిన్నాను (పశువులకు రొట్టె మంచిది కాదు). కానీ పది ఇళ్ళ కుడితి ఒంటికొమ్ము ఎద్దు ఒక్క గుక్కకు సరిపోలేదు. అది ఖాళీ బకెట్టును ఎగదోసి, నావైపు చూసి, బకెట్టును మళ్ళీ ఎగదోసింది.

అసలు భయం సూడిబర్రెది. నేడో రేపో ఈనేట్టు ఉన్నది. నియమం ప్రకారం దాన్ని వేరుగా, పందిరి కింద కట్టించాను. అది గురువారం పడుకుంది, శుక్రవారం లేవలేదు. పశువుల డాక్టరును సైకిలు వెనక ఎక్కించుకుని తెచ్చాను. ఆయన దాని కన్ను విప్పి చూశాడు, డొక్క మీద చెయ్యి పెట్టి లోపల దూడ కదలిక చూశాడు, సంచి తెరవకుండానే లేచాడు.

"దీనికి ఏ బీమారీ లేదు. ఆకలి. రేపటిదాక కడుపుల గడ్డి పడకపోతే ఇగ లేవది. లోపటిది గూడ దక్కది."

"మందు, సార్?"

"గడ్డే మందు."

అందుకే బస్టాండుకు పోయి బావ ముందు నిలబడ్డాను. మా అక్క మొగుడు. బంద్ చేయించే పిల్లలకు పెద్ద. మనిషి నిజాయితీపరుడు, దాని వల్ల ఇంట్లోవాళ్ళకు కలిగే బాధ చెప్పుకుంటే తీరేది కాదు. రోడ్డుకు అడ్డంగా వేసిన మొద్దు మీద కూర్చుని ఉన్నాడు.

"బావా, ఒక్క గడ్డి బండి. దొడ్డికి. రేప్పొద్దుగాల."

"ఊకెనే ఇస్తున్నడా, కొంటున్నవా?"

"కొంటున్నదే."

"కొంటే యాపారం. యాపారం బందు."

"బర్రె సస్తది బావా. సూడిది."

బావ ముఖం నొచ్చుకున్నట్టు పెట్టాడు కానీ మొద్దు మీద నుంచి లేవలేదు. "వేరేటోళ్ళయితే ఏదన్న సూద్దును. నువ్వు నాకు బామ్మర్దివైతివి. ఇయ్యాల నీ గడ్డి ఇడుస్తే రేపు ఇంకోడొస్తడు, నా నూనె డబ్బలు ఇడువుమని. బామ్మర్దికొక బందు, బయటోళ్ళకొక బందా అంటరు. నా మాట ఈ పోరగాళ్ళు ఇంటరా ఇగ?"

"మరి ఏమేం ఇడుస్తున్నరు?"

"పాలు. దవాఖాన. పీనుగ. మల్లన్న బండ్లు. గంతే."

అది కొమురవెల్లి మల్లన్న జాతర నడిచే కాలం. ఆదివారం స్వామి దగ్గర ఉండాలని శనివారమే బండ్లు కట్టుకుని బయలుదేరేవాళ్ళు. ఉద్యమమైనా ఇంకేదైనా మల్లన్న బండిని ఆపే ధైర్యం మా వైపు ఎవరికీ లేదు. నారాయణరావుపేట నుంచి కొమురవెల్లికి పోయే బండి సిద్దిపేట మీదుగానే పోవాలి. పోయే తోవలోనే నా దొడ్డి ఉంది. నేను బావకు దండం పెట్టి, సైకిలెక్కి, నేరుగా నారాయణరావుపేట పోయాను. నా తెలివికి నేనే మురిసిపోతూ తొక్కాను, ఎదురుగాలి కూడా తెలియలేదు.

మామ వాకిట్లో పగ్గాలు పేనుతున్నాడు. నా ఉపాయం చెప్పాను: బండెడు గడ్డి వెయ్యి, ఎడ్ల కొమ్ములకు, బండి చక్రాలకు పసుపు బండారి పూయి, అడిగినవాళ్ళకు కొమురవెల్లి అని చెప్పు, దొడ్డి గేటు ముందు ఆపు.

మామ పేనడం ఆపాడు. "మల్లన్న పేరు మీద అబద్ధమాడుమంటవా అల్లుడా?"

"పూర్తి అబద్ధం కాదు మామా. తోవ అదే కదా. సగమే అబద్ధం."

ఆయన పగ్గం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "సరే తియ్యి. నేనేదో జేస్త." ఆ 'ఏదో' ఏమిటో అడగకపోవడం ఆ వారంలో నేను చేసిన పెద్ద తప్పు.

శనివారం పొద్దున గేటు ముందు నిలబడ్డాను. లోపల సూడిబర్రె మెడ నేలకు ఆనించి పడుకుంది. దాని చెవులు మాత్రం ఈగలకు అప్పుడప్పుడు కదులుతున్నాయి. ఎండెక్కి మధ్యాహ్నం కావచ్చింది. ముందు డోలు చప్పుడు వినబడింది. బంద్ రోజున డోలేమిటా అనుకున్నాను. మలుపు తిరిగి మొదట మా బావ కనబడ్డాడు, నుదురంతా పసుపు, చేతిలో కొబ్బరికాయ. వెనక బంద్ పిల్లలు. ఆ వెనక ఊళ్ళో సగం జనం. వాళ్ళ వెనక, తలనుంచి తోకదాకా పచ్చగా మెరుస్తున్న ఎడ్లతో, నా గడ్డి బండి. గడ్డి మీద, అందరికంటే ఎత్తున, ఒళ్ళో బోనం కుండ పెట్టుకుని మామ తల్లి కూర్చుని ఉంది.

జరిగింది నాకు తర్వాత తెలిసింది. బంద్ భయానికి ఆ వారం బయలుదేరిన మల్లన్న బండి అదొక్కటే. మొద్దు దగ్గర దాన్ని చూడగానే పిల్లలు మొద్దు తీయడంతో ఆగలేదు. దుకాణాలు లేక, బడులు లేక, చేయడానికి పని లేక వారం నుంచి ఊరంతా అరుగుల మీద కూర్చుని ఉంది. డోలు మోగగానే అందరూ లేచారు. ఆడవాళ్ళు బిందెలతో వచ్చి ఎడ్ల కాళ్ళ మీద నీళ్ళు పోశారు, కొబ్బరికాయలు బండిలో వేసి మా పేరు మీద కొట్టమని అప్పగించారు. గడ్డి బండి నా చేతిలోంచి దేవుడి చేతిలోకి వెళ్ళిపోయింది.

నేను రోడ్డు మీదికి పోయి చెయ్యి అడ్డం పెట్టాను. "మామా, ఆపు. దొడ్డి వచ్చింది."

మామ నా కళ్ళలోకి చూడలేదు. "ఎట్ల ఆపుదు అల్లుడా. పైన అవ్వ ఉన్నది."

"అవ్వనెందుకు తెచ్చినవ్?"

"సగం అబద్ధమంటివి గద. ఆ సగం గూడ నాకెందుకని అవ్వను ఎక్కిచ్చిన. ఆమెకు మొక్కున్నది."

పైనుంచి అవ్వ వంగి చూసింది. "ఎవడ్రా గాడు, దేవుని బండికి అడ్డమొస్తుండు?"

"జరుగు బామ్మర్ది," అన్నాడు బావ, గుళ్ళో మాట్లాడినంత మెల్లగా. "ఇది నీ గడ్డి బండి గాదు. మల్లన్న బండి."

"బండిల ఉన్నది గడ్డి గాదా బావా?"

"అవ్వ కూసునేటందుకు మెత్తగ ఏసిన్రు."

ఒక్క ముసలమ్మ కూర్చోవడానికి బండెడు గడ్డి. ఆ మాట ఎవరికీ వింతగా అనిపించలేదు. బండి నా ముందు నుంచి, దొడ్డి గేటు ముందు నుంచి, వెనక వేలాడే గడ్డిపోచలు ఊపుకుంటూ, తాపీగా ముందుకు పోయింది. గేటు సందుల్లోంచి పశువులన్నీ ముట్టెలు బయటపెట్టి చూశాయి. వారం రోజుల తర్వాత వాటి కంట పడ్డ మొదటి గడ్డి అది.

ఒంటికొమ్ము ఎద్దు నా అనుమతి అడగలేదు. తల వంచి ఒక్క తోపు తోసింది. వెదురు గేటు వంగి, విరిగి, పడింది. ఎద్దు వెనక ఆవులు, ఆవుల వెనక దూడలు, చివర గాడిద, అన్నీ నా ముందు నుంచే రోడ్డెక్కాయి. సరిగ్గా అప్పుడే దీక్ష ముగించుకుని మెడలో దండతో వచ్చిన చాచా పక్కకు తప్పుకుని వాటికి దారి ఇచ్చాడు.

"సాబ్," అన్నాడు, "మీ రూల్ బయిటికి పోతున్నది."

పశువులు బండిని అందుకుని, వెనక నుంచి లాగి తింటూ నడవసాగాయి. నేను పరుగెత్తి పోయేసరికి జనంలో మరో గాలి వీచింది. ఆడవాళ్ళు చేతులు జోడించారు. "సూసిన్రా, గోడల నడుమ కట్టేసిన జీవాలు గేటు ఇరగ్గొట్టుకుని మల్లన్న ఎన్కవోతున్నయ్" అని ఒకరంటే, "పిలిచింది ఆయనే. లేకుంటే గాడిదకేం ఎరుక?" అని ఇంకొకరన్నారు. బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా బాధ్యతలో ఉన్న పశువులన్నీ కొమురవెల్లి యాత్రకు బయలుదేరాయి, వాటికి ఊరంతా దండాలు పెడుతోంది, గాడిదకు ఎవరో బొట్టు కూడా పెట్టారు. అవి ఆకలికి పోతున్నాయని అరిచి చెబుదామని నోరు తెరిచాను. డోలు ముందు నా గొంతు ఎంత?

అప్పుడు వెనక్కి చూశాను. విరిగిన గేటులోంచి పందిరి కింద సూడిబర్రె కనబడింది. అదొక్కటే మిగిలింది. దానికి కూడా గడ్డి వాసన తగిలినట్టుంది, మెడ ఎత్తింది. ముందు కాళ్ళు ఒకసారి నేలకు తన్ని లేవబోయింది. లేవలేక మళ్ళీ మెడ దించింది.

నేను మరి ఆలోచించలేదు. బండి వెనక ఒంటికొమ్ము ఎద్దును పక్కకు నెట్టి, రెండు చేతులకు పట్టినంత గడ్డి గుంజి, గుండెకు హత్తుకుని, దొడ్డి వైపు వెనక్కి పరుగెత్తాను. ఎవరో కేక వేశారు: "దేవుని గడ్డి ఎత్కపోతుండు, పట్టుండ్రి." ముందు డోలు ఆగింది, తర్వాత కాళ్ళ చప్పుడు మొదలైంది. సిద్దిపేట రోడ్డు మీద ఒక ప్రభుత్వోద్యోగి గడ్డి దొంగతనం చేసి పరుగెత్తడం, వెనక సొంత బావ తరుముకు రావడం అదే మొదలు, అదే ఆఖరు అనుకుంటాను. నా చెప్పు ఒకటి దారిలో పడిపోయింది. వెనక్కి చూడలేదు.

బర్రె ముందు మోకాళ్ళ మీద పడ్డాను. గడ్డి దాని మూతికి ఆనించాను. మొదట వాసన చూసింది. తర్వాత నాలుక చాచి ఒక పోచ అందుకుంది. తర్వాత నాలుగు. నమలడానికి కూడా దానికి ఓపిక లేదు, ఆగి ఆగి నములుతోంది. బావ గేటులోంచి చెయ్యెత్తుకుంటూ దూసుకొచ్చాడు. అక్కడే ఆగాడు. ఎత్తిన చెయ్యి కాసేపు ఎత్తినట్టే ఉంది, తర్వాత దించుకున్నాడు.

"ఎప్పటిసంది లేస్తలేదిది?"

"నువ్వు మొద్దు మీద కూసున్న కాడికెల్లి."

బావ నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నా చేతిలోంచి ఇంత గడ్డి తీసుకుని తను కూడా దాని మూతికి అందించాడు. దాని డొక్కలో దూడ తన్నినట్టుంది, చర్మం ఒకచోట ఉబ్బి తగ్గింది. బావ అది చూశాడు.

"బందు మనుసుల మీద గద బామ్మర్ది. దీని మీద ఎవలు జేసిన్రు?"

"నువ్వే జేసినవ్."

"నాకు గింత ఎర్కలేకపాయె." ఇంకో పోచ అందిస్తూ, "చెప్పేటోడు సక్కగ చెప్పాలె గద," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది కానీ చేతిలో గడ్డి ఉంది, తిట్టడానికి తీరిక లేదు.

ఆయన లేచి బయటికి పోయాడు. దేవుడి పేరు పెట్టిన బండిని ఊరంతా చూస్తుండగా వెనక్కి తిప్పడం మాటలు కాదు. పిల్లలకు ఏం చెప్పాలో తెలియక బండి కింద నిలబడి అవ్వ వైపు చూశాడు. "అవ్వా, గీ గడ్డి దొడ్డిల ఏద్దుమా? ఒక బర్రె పానం మీదికొచ్చింది. మల్లన్న ఏమన్న అనుకుంటడా?"

"అనుకుంటందుకు మల్లన్నేమన్న గడ్డి తింటడార?" అంది అవ్వ. "ఆయన గొల్లకుర్మల దేవుడు. జీవాల సంగతి నీకన్న ఆయనకు బాగెరుక. దింపుండ్రి. పొద్దటిసంది ఇది నా తొడలకు గుచ్చుకుంటనే ఉన్నది. గని నేను దిగ. బండి కొమురెల్లికి పోవాలె, బోనం ఎక్కాలె."

పిల్లలు గడ్డి దింపారు. మోపులు మోపులుగా ఎత్తుకుని, డోలు కొట్టుకుంటూనే దొడ్డిలోకి మోశారు. పశువులు గడ్డి వెంట బయటికి పోయినట్టే గడ్డి వెంట లోపలికి వచ్చాయి. అందులో నా నియమాల ప్రమేయం ఏమీ లేదు. గాడిద కూడా వచ్చింది, బొట్టుతో. ఖాళీ బండిలో అవ్వ, బోనం కుండ, ఊరివాళ్ళ కొబ్బరికాయలు కొమురవెల్లి వైపు సాగిపోయాయి. మామ ముఖం తేటగా ఉంది. ఆయన అబద్ధం పూర్తిగా నిజమైంది. గడ్డి మిగిలింది, గేటు మాత్రం మిగలలేదు. దాని చోట నేను, చాచా తాళ్ళు అడ్డం కట్టి కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా సూడిబర్రె వెనక కాళ్ళు ముందు లేపి, ఒక్క క్షణం వణికి, నాలుగు కాళ్ళ మీద నిలబడింది. చాచా తన మెడలోని దీక్ష దండ తీసి దానికి వేశాడు. అది దండను కూడా తినేసింది.

ఆ రోజు నా డైరీలో ఉన్నది ఇంతే: "శనివారం. గడ్డి వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది. బర్రె లేచింది. చెప్పు దొరకలేదు."

మర్నాడు, అంటే ఆదివారం పొద్దున, కొత్త చెప్పులు లేక పాత బూట్లు వేసుకుని దొడ్డికి పోయాను. గేటు లేని గేటు ముందు జనం వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక తాడు, తాడు చివర ఒక పశువు. విడిపించుకుపోవడానికి వచ్చారేమో, బంద్ సడలించారేమో అనుకుని సంతోషించాను. ముందు నిలబడ్డ పెద్దమనిషి చేతులు జోడించాడు.

"మా ఆవును గూడ లోపటేసుకో సారూ. బయిట గడ్డి లేదు. మీ కాడ మల్లన్న గడ్డి ఉన్నదట, బందు గూడ లేదట."

"ఇది ధర్మసత్రం కాదండీ, బందెలదొడ్డి. ఎవరి చేన్లోనైనా పడి మేస్తే పట్టి తెస్తారు. అట్లా పట్టుబడితే తప్ప లోపల కట్టుకునే నియమం లేదు," అని గోడ చూపించాను. ఆయన గోడ చూశాడు, నన్ను చూశాడు, పక్కకు జరగలేదు. ఇదే సంగతిని వరసలో ప్రతి ఒక్కరికీ వేరువేరుగా చెప్పుకుంటూ పోయాను. ప్రతి ఒక్కరూ ఓపికగా విన్నారు, ఒక్కరూ కదల్లేదు. చివర తలకు తువ్వాలు కప్పుకుని, ముఖం అటు తిప్పుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆ బర్రెను నేను గుర్తుపట్టాను. అది మా అక్కది.

"మీ అక్క పంపింది," అన్నాడు బావ తువ్వాల్లోంచి. "ఇంట్ల చాయకు పాలు లెవ్వు. బందుల పాలు ఇడిసినం గని గడ్డి ఇడువకపోతిమి. గడ్డి లేకుంట పాలు యాడికెల్లొస్తయని ఒక్కడన్న చెప్పిండా?"

"నేను చెప్పిన బావా."

"నువ్వు గడ్డి అన్నవ్. పాలు అనలే."

నేను ఆయనకు కూడా నియమం చదివి వినిపించాను, ఎవరి చేన్లోనైనా పడితే తప్ప కుదరదని. బావ అంతా విన్నాడు. గోడ పక్కన చాచా వేసుకున్న చిన్న కొత్తిమీర మడి ఉంది. బావ దానివైపు ఒకసారి చూశాడు. చేతిలోని తాడు నేల మీద వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆకాశంలో మబ్బు ఏమైనా ఉందా అన్నట్టు పైకి చూస్తూ నిలబడ్డాడు. బర్రె నాలుగడుగులు వేసి మడిలోకి దిగింది.

"సాబ్, నా కొత్తిమీర," అన్నాడు చాచా.

"చేన్ల పడ్డది," అన్నాడు బావ. "పట్టుకో మరి."

నేను గంభీరంగా ముందుకు పోయి తాడు పట్టుకున్నాను. నేరం చేస్తూ పట్టుబడ్డ పశువు అని బిగ్గరగా ప్రకటించాను కూడా. వెనక వరసలో ఉన్నవాళ్ళంతా మిగిలిన కొత్తిమీర వైపు చూస్తూ ఒక్కొక్కరే చేతుల్లో తాళ్ళు వదులు చేయడం నాకు కనబడుతూనే ఉంది. నియమం ఎక్కడా తప్పలేదన్న తృప్తితో, కాలికి పాత బూట్లతో, ఆ మొదటి తాడు పట్టుకుని అంత ఠీవిగా నిలబడ్డ ఇరవై రెండేళ్ళ కుర్రవాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నాకు వాణ్ణి వెక్కిరించాలనిపించదు. వాడి పక్కన నిలబడి రెండో తాడు పట్టుకోవాలనిపిస్తుంది.